సోవియట్ సైనిక పతకాలు సేకరించడం ఎలా? నకిలీని పట్టుకోవడం ఎలా?

సోవియట్ యూనియన్‌లో అత్యున్నత సైనిక పతకమైన ‘ఆర్డర్ ఆఫ్ విక్టరీ’ని ప్రభుత్వం 17 మందికి, మొత్తం 20 సార్లు ఇచ్చింది. స్టాలిన్, మార్షళ్ళు జూకొవ్, వసిలేవ్‌స్కీ రెండేసి సార్లు అందుకున్నారు. విదేశీయుల్లో ఐసెన్‌హోవర్, మాంట్‌గోమరీ, టిటో లాంటివాళ్ళున్నారు. 1978లో సోవియట్ నేత బ్రెజ్నెవ్ ఛాతీ మీదికి ఎక్కినదాన్ని ఆయన పోయాక 1989లో రద్దు చేశారు. ప్లాటినం మీద వజ్రాలు, కెంపులు పొదిగిన ఆ నక్షత్రానికి నకలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో మఖమల్ డబ్బాతో సహా నలుగురు తినే బిర్యానీ ఖరీదుకే దొరుకుతోంది. దాన్ని చూసి ఎవరూ మోసపోరు. మోసం జరిగేది మామూలు సైనికులకు ఇచ్చిన పతకాల దగ్గర. అవి లక్షల్లో తయారయ్యాయి కాబట్టి అసలువి దొరకడం సహజమే. వాటికి కాస్త ధర కూడా పలుకుతుంది, అందుకే నకిలీ చేసేవాడికి గిట్టుబాటు అవుతుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. ముందు చవకైన అసలువి నాలుగు కొని, చేత్తో పట్టుకుని, తూచి, కొలిచి, భూతద్దంలో చూడండి. పుస్తకాల్లో ఫొటోలు ఎన్ని చూసినా అసలు వస్తువు అలవాటైన కంటికే నకిలీ తడుతుంది. ఈ వ్యాసంలో మిగతాదంతా ఆ కంటిని ఎలా తయారుచేసుకోవాలన్నదే.

ముందు ఏది ఏమిటో తేల్చుకోండి

మూడు రకాలను కలిపేయకండి. మొదటి రకం ‘ఆర్డర్’లు. ఇవి పెద్ద గౌరవాలు. ఎక్కువగా వెండి, బంగారంతో చేసినవి. వెనక సీరియల్ నంబరు ఉంటుంది. రెండో రకం ‘మెడల్’లు. రిబ్బన్ చుట్టిన ఐదు పలకల పట్టీకి వేలాడే గుండ్రటి బిళ్ళలు ఇవి. చాలావాటికి నంబరు ఉండదు. మూడో రకం బ్యాడ్జీలు. వీటిని ప్రభుత్వ పతకాలుగా లెక్కించరు.

మన తెలుగు ఇళ్ళలో ‘రష్యా పతకం’ అంటూ బయటికి తీసేవి చాలావరకు ఈ మూడో రకమే. 1960ల నుంచి మాస్కో లుముంబా విశ్వవిద్యాలయంలో చదివొచ్చినవాళ్ళు, విశాఖలో సోవియట్ ఇంజనీర్లతో, నావికులతో కలిసి పనిచేసినవాళ్ళు, కమ్యూనిస్టు పార్టీ బృందాలతో వెళ్ళొచ్చినవాళ్ళు లెనిన్ బొమ్మ ఉన్న పయొనీర్ (పిల్లల సంఘం), కొమ్సొమోల్ (యువజన సంఘం) బ్యాడ్జీలు గుప్పెళ్ళతో తెచ్చుకున్నారు. వాటికి జ్ఞాపకంగా విలువ ఉంది గానీ బజారులో ధర లేదు. ఎవరైనా ‘మా తాతకు రెడ్ ఆర్మీ ఇచ్చిన పతకం’ అంటే వెంటనే కాదనకండి, వెంటనే నమ్మనూ వద్దు. భారతీయులకు అలాంటివి అసలు రాలేదనుకుంటే పొరపాటు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇరాన్ మీదుగా రష్యాకు సరుకు చేరవేసిన రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్‌లోని సుబేదార్ నారాయణరావు నిక్కం, హవల్దార్ గజేంద్ర సింగ్‌లకు ‘ఆర్డర్ ఆఫ్ ద రెడ్ స్టార్’ దక్కింది. హైదరాబాద్‌లో చదువుకున్న రాకేశ్ శర్మకు 1984లో అంతరిక్ష యాత్ర తర్వాత సోవియట్ యూనియన్ హీరో బిరుదు, దాంతోపాటు గోల్డ్ స్టార్, ఆర్డర్ ఆఫ్ లెనిన్ వచ్చాయి. ఇలా మన వేళ్ళ మీద లెక్కపెట్టగలిగే పేర్లవి. కాబట్టి కథ చెప్పేవాళ్ళను కాగితం చూపించమని అడగండి.

చట్టం మాట

రష్యాలో సోవియట్ ప్రభుత్వ పతకాలను కొనడం, అమ్మడం నేరం. క్రిమినల్ కోడ్‌లోని 324వ అధికరణ దీని గురించే. మాస్కో వెళ్ళినప్పుడు ఇజ్మైలొవొ సంతలో ఎవరైనా తువ్వాలు కింద నుంచి ఆర్డర్ తీసి చూపిస్తే నమస్కారం పెట్టి ముందుకు కదలండి. అది నకిలీ అయితే డబ్బు పోతుంది, అసలుదైతే విమానాశ్రయంలో మీరే ఇరుక్కుంటారు. సోవియట్ చిహ్నాలను బహిరంగంగా ప్రదర్శించడాన్ని లిథువేనియా 2008లోనే నిషేధించింది. అమెరికా, బ్రిటన్, జర్మనీల్లో కొనుగోళ్ళు మామూలుగానే సాగుతాయి. అక్కడి నుంచి మన దేశానికి తెప్పించుకుంటే కస్టమ్స్‌లో అసలు ధర, లోహం ఏమిటో దాచకుండా రాయించండి. ‘గిఫ్ట్’ అని రాసి పంపుతానన్న అమ్మకందారు తర్వాత మీ మాటా అలాగే వింటాడని నమ్మకం పెట్టుకోకండి.

ఈ వస్తువుల వెనక రక్తం కూడా ఉంది. 1983లో మాస్కోలో వైస్ అడ్మిరల్ ఖొలొస్త్యకొవ్‌ను, ఆయన భార్యను వాళ్ళ ఇంట్లోనే చంపి పతకాలు ఎత్తుకుపోయారు. దొంగలు విలేకరులమని చెప్పుకుని లోపలికి వెళ్ళారు. 1990ల్లో పింఛను చాలక ముసలివాళ్ళు స్వయంగా అమ్ముకున్నవీ బోలెడన్ని బజారుకొచ్చాయి. పాత యజమానుల వివరం అడగడం మర్యాదకు తక్కువేమీ కాదు. మంచి అమ్మకందారు అడగకముందే చెబుతాడు.

సామగ్రి

పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం, వందో వంతు గ్రాము దాకా తూచే చిన్న డిజిటల్ త్రాసు, డిజిటల్ కాలిపర్, ఒక అయస్కాంతం, 365 నానోమీటర్ల అల్ట్రావయొలెట్ టార్చి, కాస్త నూలు దారం, గ్లాసుడు నీళ్ళు. వీటన్నిటికీ అయ్యే ఖర్చు ఒక మంచి ఆర్డర్ ధరలో చిన్న భాగమే. రష్యన్ అక్షరమాలలోని 33 అక్షరాలు కూడా నేర్చుకోండి. వారం రోజుల పని. సూవెనీర్ నకిలీల్లో అక్షర దోషాలు మొదటి చూపులోనే బయటపడతాయి.

మొదటి కొనుగోళ్ళు

1945 మే 9న ఏర్పాటైన ‘జర్మనీపై విజయానికి’ మెడల్‌తో మొదలుపెట్టండి. దాదాపు కోటీ యాభై లక్షల మందికి ఇచ్చారు. ఇత్తడి, 32 మిల్లీమీటర్లు, మార్షల్ దుస్తుల్లో స్టాలిన్ పక్క ముఖం, చుట్టూ ‘మన పక్షమే న్యాయం, మనమే గెలిచాం’ అన్న నినాదం. దాని జోడీ 1945 సెప్టెంబరు 30న వచ్చిన ‘జపాన్‌పై విజయానికి’ మెడల్. జర్మనీ మెడల్‌లో స్టాలిన్ మన ఎడమ వైపుకి, జపాన్ మెడల్‌లో కుడి వైపుకి చూస్తుంటాడు. ఒకటి పడమరకి, రెండోది తూర్పుకి అని గుర్తుపెట్టుకుంటే చాలు.

తర్వాత 1965, 1975, 1985 విజయోత్సవ జూబ్లీ మెడళ్ళు కొనండి. చవక, నకిలీ చేయడానికి గిట్టవు. వాటి మీద అచ్చు ఎంత పదునుగా పడిందో, అంచు ఎలా తీర్చారో చూసి ఆ పోలికను కంట్లో పెట్టుకోండి. తూర్పు జర్మనీ సైన్యం మెడళ్ళు కూడా ఈ దశకు బాగుంటాయి. కాకపోతే 1990లో ఆ దేశమే పోయాక గోదాముల్లో ఎవరికీ ఇవ్వకుండా మిగిలినవి పెట్టెలకు పెట్టెలు బయటికొచ్చాయి. కాబట్టి మెరుస్తున్నంత మాత్రాన నకిలీ అనుకోవద్దు, సైనికుడి చొక్కా మీదికి ఎక్కిందనీ అనుకోవద్దు.

నంబరున్న మొదటి వస్తువుగా ‘ఆర్డర్ ఆఫ్ ద రెడ్ స్టార్’ కొనండి. 1930 ఏప్రిల్ 6న ఏర్పాటైంది. మొత్తం సుమారు 38 లక్షలు ఇచ్చారు. వెండి నక్షత్రం, ఐదు చేతుల మీద కెంపు రంగు ఎనామిల్, మధ్యలో తుపాకీ పట్టుకున్న సైనికుడు. వెనక స్క్రూ, గుండ్రటి నట్టు. 1943 జూన్‌లో చాలా ఆర్డర్లను రిబ్బన్ పట్టీకి మార్చినా ఇది మాత్రం చివరిదాకా స్క్రూతోనే నిలిచింది, కుడి ఛాతీ మీద పెట్టుకునేవారు. సోవియట్ పతకాల పనితనమంతా ఈ ఒక్కదానిలో కనిపిస్తుంది, నకిలీల మాయలన్నీ కూడా దీని మీదే జరుగుతాయి. అందుకే దీన్ని బడిగా వాడుకోమంటాను.

పరీక్ష: పోతా, అచ్చా?

అసలు పతకాలను మింట్‌లో (టంకశాలలో) ఉక్కు అచ్చులతో బలంగా కొట్టి తయారుచేశారు. చవక నకిలీలను అసలు పతకం నుంచి మూస తీసి పోత పోస్తారు. ఈ తేడా ఒక్కటి పట్టుకోగలిగితే సగానికి పైగా నకిలీలు అక్కడే ఆగిపోతాయి.

భూతద్దంలో అక్షరాల అంచులు చూడండి. అచ్చు పడినదాంట్లో అంచు నిటారుగా లేస్తుంది, అక్షరాల మధ్య నేల చదునుగా, నునుపుగా ఉంటుంది. పోతలో అక్షరాలు అరిగిన సబ్బు బిళ్ళ మీది ముద్రలా గుండ్రబడతాయి, మూలల్లో సూది మొనంత గుంటలు కనిపిస్తాయి. అంచు చుట్టూ ఆకురాయితో అరగదీసిన గీతలుంటే అతుకు దాచిపెట్టారని అర్థం. అయితే ఏళ్ళ తరబడి కోటు మీద రాసుకుని అరిగిన అసలుదీ గుండ్రంగానే కనిపిస్తుంది. అరుగుదల ఎత్తయిన చోట్లే ఉంటుంది, లోతుల్లో పదును మిగిలే ఉంటుంది. పోతలో ఎత్తూ లోతూ రెండూ ఒకేలా మెత్తబడతాయి.

తర్వాత కొలవండి. పోసిన లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. ‘జా అత్వాగు’ (ధైర్యానికి ఇచ్చే మెడల్, 1938లో వచ్చింది) 37 మిల్లీమీటర్లు ఉండాలి. దాని పోత నకలు అర మిల్లీమీటరు దాకా తగ్గుతుంది. చేతికి తెలియని ఆ తేడా కాలిపర్‌కు దొరుకుతుంది. అనుమానం వచ్చిన ప్రతి ఫొటోనూ దాచుకోవడం కూడా అలవాటు చేసుకోండి. వేర్వేరు నంబర్లున్న రెండు ఆర్డర్ల మీద ఒకే చోట ఒకే గీత, ఒకే సొట్ట కనిపిస్తే రెండూ ఒకే మూసలోంచి వచ్చినవి. ఇంతకంటే గట్టి సాక్ష్యం ఉండదు.

లోహం

అయస్కాంతం వెండికి, ఇత్తడికి, బంగారానికి అంటుకోదు. పట్టీ వెనక పిన్ను ఉక్కుది కావచ్చు, కాబట్టి బిళ్ళను మాత్రమే పరీక్షించండి.

వెండి మెడల్‌కు నీటి తూకం మంచి పరీక్ష. ‘జా అత్వాగు’ బిళ్ళను పట్టీ నుంచి విడదీసి తూచండి. 27.9 గ్రాముల దరిదాపుల్లో ఉండాలి. త్రాసు మీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చేయండి. బిళ్ళను దారంతో కట్టి, అడుగుకు గానీ గోడకు గానీ తగలకుండా పూర్తిగా ముంచండి. అప్పుడు త్రాసు చూపే అంకెతో మొదటి బరువును భాగించండి. అంకె 2.7 వస్తే సాంద్రత 10.3, అంటే వెండి. 3.3 దగ్గర వస్తే అది ఇత్తడి మీద వెండి పూత. ఇదే లెక్కను రెడ్ స్టార్ మీద గుడ్డిగా వేయకండి. ఎనామిల్ అంటే గాజే, లోహం కంటే చాలా తేలిక. అందువల్ల అసలు రెడ్ స్టార్‌కూ సాంద్రత తక్కువే వస్తుంది. దానికి బరువు చూసుకోండి, 33 గ్రాముల చుట్టూ ఉండాలి.

బంగారు ఆర్డర్ల జోలికి మొదటి రెండు మూడేళ్ళు పోవద్దు. ‘ఆర్డర్ ఆఫ్ లెనిన్’లో ఒళ్ళు బంగారం, లెనిన్ తల ప్లాటినం. ‘ఆర్డర్ ఆఫ్ గ్లోరీ’ మొదటి తరగతి బంగారం, మూడో తరగతి వెండి. మూడో తరగతికి బంగారు పూత పట్టించి మొదటి తరగతిగా అమ్మడం పాత ఆట. మన ఊళ్ళో కంసాలి దగ్గరికి తీసుకెళ్తే గీటురాయి మీద గీయబోతాడు, గీయనివ్వకండి. క్యారెట్ మీటర్ ఉన్న దుకాణంలో చూపించండి. అది కూడా పై పొరనే చదువుతుంది, మందంగా పూత వేస్తే మోసపోతుంది. అందుకే బరువు, నీటి తూకం, మీటర్ మూడూ ఒకే మాట చెప్పాలి.

ఎనామిల్

అసలు ఎనామిల్ కొలిమిలో కాల్చిన గాజు పొడి. వెలుతురులో తిప్పితే లోపల్నుంచి ఎరుపు లోతుగా పలుకుతుంది. విరిగిన చోట గాజు పెంకులా పదునైన మెరుపు ఉంటుంది. నకిలీలో అది రంగు కలిపిన ఎపాక్సీ. పైకి ఉబ్బి ప్లాస్టిక్‌లా మెరుస్తుంది, మూలల్లో గాలి బుడగలు కనిపిస్తాయి, కనపడని చోట సూదితో తాకితే దిగబడుతుంది.

రెడ్ స్టార్ చేతుల చివర ఎనామిల్ రాలడం చాలా మామూలు. కోటుకి బిగించేటప్పుడు వంగితే గాజు పగులుతుంది. నన్నడిగితే రాలిన అసలుదే మేలు. ‘నిఖార్సైన స్థితి’ అంటూ అమ్మేవాటిలో కొన్నింటికి నెయిల్ పాలిష్‌తో మరమ్మతు చేసి ఉంటుంది. చీకటి గదిలో అల్ట్రావయొలెట్ టార్చి వేయండి. గాజు భాగం నల్లగా ఉండి ఒక చోట మాత్రం వేరే రంగు వెలిగితే అక్కడ అతుకు పడింది. మరమ్మతు ఉంటే పతకం నకిలీ అయిపోదు, ధర మాత్రం తగ్గాలి.

స్క్రూ, నట్టు, నంబరు

అసలు మాయలన్నీ వెనక వైపే జరుగుతాయి. ముందు వైపు అసలుదే కావచ్చు.

ఎందుకంటే అన్నిటికంటే ప్రమాదకరమైన నకిలీ నిజమైన పతకాన్ని మార్చి చేసినది. సర్వసాధారణమైన 1950ల రెడ్ స్టార్‌కు నంబరు చెరిపి, యుద్ధానికి ముందు నంబరు చెక్కితే ధర ఎన్నో రెట్లు అవుతుంది. లేదా ఎవరో పేరున్న సైనికుడి కాగితం దొరికితే, దానికి సరిపడే నంబరును వేరే వస్తువు మీద చెక్కుతారు. లోహం అసలుది, ఎనామిల్ అసలుది, అబద్ధమల్లా ఆ అంకెల్లోనే.

నంబరు చుట్టూ ఉన్న నేలను భూతద్దంలో చూడండి. పక్క ప్రాంతం కంటే పలచగా, కాస్త గుంటగా, అరగదీసిన అడ్డగీతలతో ఉంటే పాత నంబరు పోయినట్టే. కాలిపర్‌తో ఆ చోట మందం కొలిచి, పక్క చోటితో పోల్చండి. చేతి ఉలితో చెక్కిన గీత ‘వి’ ఆకారంలో లోతుగా దిగి, సన్నగా మొదలై వెడల్పవుతుంది. డ్రిల్లుతో గీసినది చుక్కలు చుక్కలుగా వణుకుతుంది. లేజర్ గీత అంతటా ఒకే వెడల్పులో, అంచులు కాలినట్టుంటుంది. ఇక్కడో చిక్కుంది. తర్వాతి కాలపు పతకాల్లో కొన్నింటికి మింట్‌లోనే మోటారు పనిముట్లతో నంబర్లు వేశారు. కాబట్టి డ్రిల్లు గీతంటే నకిలీ అని సూత్రం కట్టేయకండి. ఆ నంబరు శ్రేణిలోని ఇతర అసలు పతకాల ఫొటోలు పక్కన పెట్టుకుని అంకెల తీరు పోల్చండి. ఒకే పనివాడు ‘4’ను, ‘7’ను ఎప్పుడూ ఒకేలా చెక్కుతాడు.

నంబరూ పతకం రకమూ ఒకదానికొకటి పొసగాలి. మింట్ ముద్ర, దాని పదాల వరుస, స్క్రూ పొడవు, నట్టు తీరు కాలంతో మారాయి. రెడ్ స్టార్ నంబరు 40 లక్షలు దాటిందంటే ఇంకేమీ చూడక్కర్లేదు. నంబరు తర్వాత రష్యన్ ‘డ’ అక్షరం ఉంటే భయపడకండి. పోగొట్టుకున్నవాళ్ళకు అధికారికంగా ఇచ్చిన రెండో ప్రతి అది. నట్టు వేరే పతకానిది కావచ్చు, సైనికులు అది పోతే దొరికినది బిగించుకున్నారు. నట్టు మాత్రమే నకిలీ అయితే దానికి తగినంత ధర తగ్గించమనండి.

‘ఆర్డర్ ఆఫ్ ద పేట్రియాటిక్ వార్’ విషయంలో ఇంకో మాట. 1942 మే 20న వచ్చిన దీన్ని 1985లో విజయానికి 40 ఏళ్ళు నిండినప్పుడు బతికున్న యుద్ధవీరులకు లక్షలాదిగా మళ్ళీ పంచారు. యుద్ధకాలపు మొదటి తరగతిలో బంగారం ఉంది, 1985 దానిలో వెండి మీద బంగారు పూత. రెండూ చట్టబద్ధమైన అసలువే. 1985 దాన్ని 1944 దానిగా అమ్మడం దగ్గర మోసం జరుగుతుంది. 1985 వాటి మీద అరుగుదల చాలా తక్కువ. చాలామంది సంవత్సరానికోసారి, మే 9న విజయ దినం నాడు మాత్రమే కోటు మీద పెట్టుకున్నారు. దాన్ని దాని పేరుతోనే కొంటే ధరా సరిపోతుంది, ముచ్చటా తీరుతుంది.

పట్టీ, రిబ్బన్

ఇవి ఊడిపోయి మారుతూనే ఉంటాయి. యుద్ధకాలపు మెడల్‌కు తర్వాతి కాలపు అల్యూమినియం పట్టీ ఉన్నా సందేహం అక్కర్లేదు. రిబ్బన్ అల్ట్రావయొలెట్ కింద నీలంగా వెలిగితే కొత్త దారం కావచ్చు, లేదా సబ్బు పొడితో ఉతికి ఉండవచ్చు. ఆ ఒక్క కారణంతో తిరస్కరించకండి. 1943 జూన్‌కు ముందు ‘జా అత్వాగు’కు చిన్న దీర్ఘచతురస్రపు పట్టీ, ఎర్ర రిబ్బన్ ఉండేవి. ఆ పాత పట్టీకి ధర ఎక్కువ, అందుకే నకిలీలూ ఎక్కువ. ఆ పట్టీతో ఉన్న మెడల్‌కు వెనక నంబరు లేకపోతే పట్టీ ఎవరో తర్వాత తగిలించినదే అయ్యుండాలి.

కథను, కాగితాన్ని తేదీలతో తూచండి

అమ్మేవాళ్ళు కథలు చెబుతారు. కథల్లో తేదీలుంటాయి, తేదీలకు అబద్ధమాడటం రాదు. ‘కీవ్ రక్షణకు’ మెడల్‌ను 1961లో ఏర్పాటు చేశారు, కాబట్టి 1944లో తాత ఛాతీ మీద అది ఉండే వీల్లేదు. లెనిన్‌గ్రాద్, స్టాలిన్‌గ్రాద్, ఒదెస్సా, సెవస్తోపోల్ రక్షణ మెడళ్ళు 1942 డిసెంబరు 22వి. మాస్కో రక్షణ మెడల్ 1944 మే 1న వచ్చింది. ఆర్డర్ ఆఫ్ గ్లోరీ 1943 నవంబరు 8న. ఇలాంటి తేదీలు ఒక పేజీలో రాసుకుని ఫోన్‌లో పెట్టుకోండి.

ఆర్డర్‌తో వచ్చే ఎర్ర అట్ట పుస్తకంలో సైనికుడి పేరు, ప్రతి ఆర్డర్ నంబరు రాసి ఉంటాయి. నంబరు సరిపోతే విలువ పెరుగుతుంది, కాబట్టి పుస్తకాలకూ నకిలీలొచ్చాయి. అందులో సుప్రీం సోవియట్ (సోవియట్ పార్లమెంటు) ప్రెసీడియం కార్యదర్శి సంతకం అచ్చవుతుంది. 1938 నుంచి 1953 దాకా గోర్కిన్, తర్వాత మూడేళ్ళు పెగొవ్, మళ్ళీ కొద్దికాలం గోర్కిన్, 1957 నుంచి 1982 దాకా గియార్గాద్జె, 1989 వరకు మెంతెషాష్విలీ. 1947 తేదీ వేసిన పుస్తకంలో గియార్గాద్జె సంతకం కనిపిస్తే, పాతది పోయి మళ్ళీ ఇచ్చినట్టు ఎక్కడైనా రాసి ఉందేమో చూడండి, లేకపోతే వదిలేయండి. పుస్తకం మధ్యలో కుట్టుపిన్నులు తుప్పు పట్టి ఆ మరక కాగితంలోకి దిగిందా, సిరా మడత గీతల్లోకి పాకిందా అన్నవి కూడా చూడండి. ఖాళీగా మిగిలిన అసలు పుస్తకాన్ని ఇప్పుడు నింపితే సిరా పాత మడత దాటి పారుతుంది.

పేరు తెలిస్తే పని సగం అయినట్టే. రష్యా రక్షణ శాఖ పదొల్స్క్ ఊళ్ళోని సైనిక దస్తావేజులను ‘పోద్విగ్ నరోదా’, ‘పామ్యత్ నరోదా’ అనే రెండు సైట్లలో పెట్టింది. రష్యన్ అక్షరాల్లో ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన సంవత్సరం కొడితే సిఫార్సు పత్రం దొరకవచ్చు. ఏ గ్రామం దగ్గర, ఏ రాత్రి ఏం చేశాడో కమాండర్ టైపు చేయించిన ఆ పేజీ చదివితే పెట్టెలోని వెండి ముక్క వెనక మనిషి కనిపిస్తాడు. నా మట్టుకు సేకరణ అక్కడే మొదలవుతుంది. నంబరు ఒక్కటే తెలిసి పేరు తెలియకపోతే దారి కష్టం. నంబర్లున్న నమోదు కార్డులు దస్తావేజుల భవనంలో ఉన్నాయి, బయటివాళ్ళకు సులువుగా అందవు. అందుకే ఒకే ధరలో కాగితమున్న మామూలు మెడల్, కాగితం లేని ఆర్డర్ రెండూ దొరికితే నేను కాగితం వైపే మొగ్గుతాను.

కొనే ముందు

ముందు, వెనక, అంచు, నంబరు దగ్గరగా, స్క్రూ, నట్టు లోపలి వైపు: ఈ ఆరు ఫొటోలు అడగండి. బరువు, వ్యాసం అడగండి. తర్వాత ‘నకిలీ అని తేలితే వెనక్కి తీసుకుంటారా, ఎన్ని రోజుల్లోపు?’ అని రాతపూర్వకంగా అడగండి. మొదటి రెండింటికి విసుక్కున్నవాడు మూడోదానికి జవాబివ్వడు. ఒకే అమ్మకందారు దగ్గర ఒకే వారంలో పది యుద్ధకాలపు అరుదైన ఆర్డర్లు, అన్నీ ఒకే రకంగా నల్లబడి కనిపిస్తే ఆ నలుపు గంధకం పూతది. నిజమైన వయసు ఒక్కో వస్తువు మీద ఒక్కోలా కనిపిస్తుంది.

ఇంటికి తెచ్చాక

మన ఇళ్ళలో ఇత్తడి సామాను చూడగానే చింతపండు, పీతాంబరి గుర్తొస్తాయి. పతకాలకు అవి తగలనివ్వకండి. వెండి మీది నల్లని పొర, ఇత్తడి మీది గోధుమ రంగు వస్తువు వయసుకి సాక్ష్యం. తోమితే ధర సగానికి పడిపోతుంది, వెనక్కి రాదు. ఎనామిల్ ఉన్నదాన్ని అల్ట్రాసోనిక్ తొట్టెలో వేయకండి, పగుళ్ళు పెద్దవవుతాయి. నట్టు బిగుసుకుపోతే పట్టకారుతో తిప్పకండి. ఒక చుక్క మిషను నూనె వేసి రాత్రంతా వదిలేయండి.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్ళలో ఉప్పు గాలికి ఇత్తడి పచ్చబడుతుంది. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టి, వానాకాలంలో వాటిని మార్చండి. మెత్తని పీవీసీ కవర్లు వద్దు, వాటి జిడ్డు ఇత్తడి మీద పచ్చ మరకలు వేస్తుంది. రబ్బరు బ్యాండ్లు వెండిని నల్లబరుస్తాయి. ప్రతి వస్తువుకీ ఒక కార్డు రాయండి: బరువు, వ్యాసం, నంబరు, ఎవరి దగ్గర ఎంతకు కొన్నారు, మరమ్మతు ఏమైనా ఉందా. ‘నట్టు వేరే పతకానిది’, ‘కుడి చేతి ఎనామిల్ అతుకు’ లాంటి లోపాలు కూడా ఆ కార్డులో ఉండాలి. రేపు మీరు అమ్మబోయినప్పుడు కొనేవాడు కూడా భూతద్దం తెచ్చుకునే వస్తాడు.